పిచర్లు గాయపడితే ప్లేఆఫ్ ఆశ వదులుకోవాలా? టెక్సస్ రేంజర్స్ లెక్కలు

ప్రశ్న సారాంశం ఇది: "నేను డాలస్ దగ్గర ఉంటాను, క్రికెట్ బాగా తెలుసు, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నాను. రేంజర్స్‌లో ఏటా ఎవరో ఒక ముఖ్యమైన పిచర్ (బంతి విసిరేవాడు) గాయపడుతూనే ఉంటాడు. 2023లో సగం మంది పిచర్లు గాయాలతో పక్కన కూర్చున్నా జట్టు టైటిల్ గెలిచిందంటారు. 2025లో పిచింగ్ అందరికన్నా బాగున్నా ప్లేఆఫ్స్‌కే చేరలేదు. మరి సీజన్ మధ్యలో గాయం వార్త వచ్చినప్పుడు ఆశ మిగిలి ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?"

నేను ఈ జట్టును చాలా ఏళ్లుగా చూస్తున్నాను, స్కోరు పుస్తకం రాసుకునే అలవాటు కూడా ఉంది. నాకు అర్థమైనంతలో, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా రెగ్యులర్ సీజన్‌లో ఒక లెక్క నడుస్తుంది, అక్టోబరులో ప్లేఆఫ్స్‌లో, అంటే టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీల్లో మరో లెక్క నడుస్తుంది. మొదటి దానిలో, గాయపడిన వ్యక్తి వేయవలసిన ఇన్నింగ్స్‌ను మరీ ఘోరంగా కాకుండా ఎవరు వేయగలరన్నది చూడాలి. రెండో దానిలో, ఆ ఒక్క నెల ఆరోగ్యంగా నిలబడే ఇద్దరు ముగ్గురు ఎవరన్నది చూడాలి. ఈ రెండింటినీ కలిపేసి చూడడం వల్లనే ప్రతి గాయం వార్తకూ సీజన్ ముగిసిపోయిందని అనిపిస్తుంది. 2023 రేంజర్స్ కథను ఈ దృష్టితో చెబుతాను.

ముందుగా సీజన్ పరిమాణం తెలియాలి. 2023లో మార్చి 30 నుంచి అక్టోబరు 1 వరకు 186 రోజుల్లో 162 మ్యాచ్‌లు జరిగాయి. ఇక్కడ ఇన్నింగ్ అంటే ప్రత్యర్థి బ్యాటర్లు ముగ్గురు ఔటయ్యే దాకా సాగేది. మ్యాచ్‌కు అలాంటివి తొమ్మిది చొప్పున ఒక జట్టు పిచర్లు ఏడాదికి దాదాపు 1,450 ఇన్నింగ్స్ వేయాలి. క్రికెట్‌లో బౌలర్ ఒక ఓవర్ వేసి ఫీల్డింగ్‌కు వెళతాడు, మళ్లీ వస్తాడు. ఇక్కడ పిచర్ ఒకసారి దిగిపోతే ఆ రోజుకు అతని పని అయిపోయినట్లే. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్ తొంభై, వంద బంతులు విసిరి, తర్వాత నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. అందుకే ప్రతి జట్టుకూ అయిదుగురు స్టార్టర్ల వరుస ఉంటుంది. మిగిలిన ఇన్నింగ్స్ బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ చేస్తూ వేచి ఉండే చోటు) ఉండే రిలీవర్లు వేస్తారు. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదన్న నియమం ఉంది కాబట్టి, ఒక స్టార్టర్ మూడో ఇన్నింగ్‌లోనే దిగిపోతే ఆ భారం ఆ ఒక్క రాత్రితో పోదు. అలసిపోయిన రిలీవర్ల రూపంలో తర్వాతి రెండు మూడు మ్యాచ్‌ల మీద పడుతుంది.

ఇంకొక మాట కూడా తెలిసి ఉండాలి. ఈఆర్‌ఏ అంటే ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి తీసేసి, పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు. మూడు లోపు ఉంటే గొప్ప, నాలుగు చుట్టూ ఉంటే పనికొస్తాడు, అయిదు దాటితే కలవరపడాలి. మీడియా దీన్ని పిచర్ విలువగా చూపుతుంది కానీ, సుదీర్ఘ సీజన్‌లో ఎన్ని ఇన్నింగ్స్ వేశాడన్నది దీనికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

2021లో 102 మ్యాచ్‌లు, 2022లో 94 మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇది. 2022 డిసెంబరులో రేంజర్స్ యాజమాన్యం జేకబ్ డిగ్రామ్‌తో అయిదేళ్లకు 18.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అతని ప్రతిభ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ న్యూయార్క్ మెట్స్ తరఫున అంతకు ముందు రెండు సీజన్లలో, అంటే 2021లో 15, 2022లో 11 మ్యాచ్‌లు మాత్రమే మొదలుపెట్టగలిగాడు. అది తెలిసే కొన్నారు. అదే శీతాకాలంలో నేథన్ ఇవాల్డీని, ఆండ్రూ హీనీని కూడా తీసుకోవడం, మార్టిన్ పెరెజ్‌ను వదులుకోకపోవడం, జాన్ గ్రే అప్పటికే జట్టులో ఉండడం వల్ల, డేన్ డనింగ్ అనే కుర్రాడికి అయిదుగురిలో చోటు దొరక్క బుల్‌పెన్‌లో కూర్చోవలసి వచ్చింది. ఆ సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

డిగ్రామ్ మొదలుపెట్టిన ఆరు మ్యాచ్‌లూ జట్టు గెలిచింది. 30 ఇన్నింగ్స్‌కు కాస్త ఎక్కువ వేసి 45 మందిని స్ట్రయిక్‌ఔట్ (మూడు స్ట్రయిక్‌లకు ఔట్) చేశాడు. ఏప్రిల్ 28న న్యూయార్క్ యాంకీస్‌తో ఆడుతూ నాలుగో ఇన్నింగ్‌లో ముంజేతి బిగువుతో మైదానం వదిలాడు. మరునాడు ఇవాల్డీ అదే యాంకీస్ మీద తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే వేసి, మూడే హిట్లు (బ్యాటర్‌ను బేస్ చేర్చే షాట్లు) ఇచ్చి, 2–0తో గెలిపించాడు. ఆ రాత్రి బుల్‌పెన్ తలుపు తెరుచుకోలేదు. గాయం తర్వాతి రోజు అలాంటి మ్యాచ్ ఒకటి దొరకడం ఎంత ఊరటో, ముందు రోజు అయిదారు ఇన్నింగ్స్ భారం మోసిన రిలీవర్లకే తెలుస్తుంది.

జూన్ 6న డిగ్రామ్‌కు మోచేతి లిగమెంట్ తెగిందని, టామీ జాన్ శస్త్రచికిత్స అవసరమని ప్రకటించారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు తొలిసారి చేసిన చికిత్స ఇది: శరీరంలో మరోచోటి నుంచి తీసిన స్నాయువును మోచేతి లోపలి వైపు అతికిస్తారు. తిరిగి మేజర్ లీగ్‌లో, అంటే అగ్రస్థాయి పోటీల్లో బంతి విసరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. డిగ్రామ్‌కు ఇది రెండోసారి. ఆ రోజు మా కార్యాలయంలో ఉన్న రేంజర్స్ అభిమానులందరూ సీజన్ ముగిసిందనే అన్నారు.

అయితే బుల్‌పెన్‌లో కూర్చున్న డనింగ్ మే మొదట్లోనే డిగ్రామ్ స్థానంలోకి వచ్చాడు. అతని బంతికి భయపెట్టే వేగం లేదు, హైలైట్స్‌లో చూపించే స్ట్రయిక్‌ఔట్లు లేవు. బంతిని కిందుగా విసిరి నేల మీది షాట్లు ఆడించేవాడు. సీజన్ ముగిసేసరికి 172 ఇన్నింగ్స్ పైచిలుకుతో జట్టులో అందరికన్నా ఎక్కువ వేసింది అతనే. 12 గెలుపులు, 3.70 ఈఆర్‌ఏ. డనింగ్, గ్రే, హీనీ, పెరెజ్ నలుగురూ కలిసి ఆ ఏడాది వందకు పైగా మ్యాచ్‌లు మొదలుపెట్టారు. వీరిలో హీనీ, గ్రే, పెరెజ్‌ల ఈఆర్‌ఏ నాలుగు పైనే. ఇలాంటి వారిని చూసి ఎవరూ టికెట్ కొనరు గానీ, మొదటి లెక్క గట్టెక్కేది వీరి చేతుల మీదుగానే. కాబట్టి గాయం వార్త వినగానే నేను వెతికేది ఆరో స్టార్టర్ పేరు, ఏడో స్టార్టర్ పేరు. ఆ పేర్లు మైనర్ లీగ్‌లో (కింది స్థాయి పోటీల్లో) ఇంకా ఎదగని కుర్రాళ్లవైతే దిగులుపడతాను. డనింగ్ లాంటి వాడైతే ఫర్వాలేదు అనుకుంటాను.

గాయం వార్తల్లోని మాటలను చదవడం కూడా కొంత నేర్చుకోవాలి. పిచర్‌ను గాయాల జాబితాలో పెడితే కనీసం 15 రోజులు బయట ఉండాలి. 60 రోజుల జాబితాకు మార్చారంటే అసలు సంగతి తీవ్రమైనదే. తొడ కండరం, వీపు, పక్కటెముకల దగ్గరి కండరం పట్టేస్తే నెల రెండు నెలల్లో అదే పిచర్ తిరిగి వస్తాడు. ముంజేతి బిగువు అన్నప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మోచేతి లిగమెంట్‌ను కాపాడే కండరాలు అక్కడే ఉంటాయి కాబట్టి, అవి అలసిపోతే తర్వాతి వంతు లిగమెంట్‌దే. భుజం నొప్పి ఇంకా నమ్మరానిది. మోచేతి శస్త్రచికిత్స తర్వాత మునుపటి వేగం అందుకున్నవారు చాలామంది ఉన్నారు, భుజం విషయంలో ఆ భరోసా తక్కువ.

తిరిగి రావడం వేరు, కోలుకోవడం వేరు అనడానికి ఆ ఏడాది ఇవాల్డీయే ఉదాహరణ. జూలై మధ్య వరకు అతని ఈఆర్‌ఏ 2.69. మేటి ఆటగాళ్లు ఆడే ఆల్ స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యాడు. తర్వాత ముంజేతి కండరం దెబ్బతిని ఏడు వారాలు ఆడలేదు. సెప్టెంబరు 5న హ్యూస్టన్ ఆస్ట్రోస్ మీద దిగి రెండో ఇన్నింగ్ పూర్తి చేయకుండానే వెనుదిరిగాడు. మైనర్ లీగ్‌లో రెండు మూడు మ్యాచ్‌లు ఆడించి చెయ్యి సిద్ధం చేసేంత వ్యవధి జట్టుకు లేకపోయింది. మేజర్ లీగ్ మ్యాచ్‌లలోనే కొద్దికొద్దిగా బంతుల సంఖ్య పెంచారు. ఆ నెల అతని ఈఆర్‌ఏ 9 దాటింది. డివిజన్ (అయిదు జట్ల గుంపు) పోరు నడుస్తున్నప్పుడు అలా చేయడం తప్పని అప్పట్లో చాలామంది మేనేజర్ బ్రూస్ బోచీని నిందించారు. నా దృష్టిలో అది తెలిసి చెల్లించిన మూల్యం. సెప్టెంబరులో కొన్ని మ్యాచ్‌లు పోయినా అక్టోబరుకు ఇవాల్డీ చెయ్యి సిద్ధం కావాలని బోచీ, పిచింగ్ కోచ్ మైక్ మాడక్స్ కోరుకున్నారని, ఆ మ్యాచ్‌ల తీరు చూస్తే అర్థమవుతుంది.

ఇక అసలు రంధ్రం వేరే చోట ఉంది. స్టార్టర్ల గాయాల గురించే అందరూ మాట్లాడారు కానీ 2023 రేంజర్స్‌ను డివిజన్ టైటిల్‌కు దూరం చేసింది బుల్‌పెన్. ఆధిక్యాన్ని నిలబెట్టిన సందర్భాలు 30, చేజార్చినవి 33. రిలీవర్ల ఈఆర్‌ఏ దాదాపు 4.8. ఒక్క పరుగు తేడాతో ముగిసిన మ్యాచ్‌లలో 14 గెలిచి 22 ఓడారు. ఇంత బలహీనమైన బుల్‌పెన్‌తో 90 మ్యాచ్‌లు గెలవడానికి కారణం బ్యాటింగ్: 881 పరుగులు, మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. కోరీ సీగర్ గాయాల వల్ల 119 మ్యాచ్‌లే ఆడినా .327 సగటుతో (వందకు దాదాపు 33 సార్లు హిట్) 33 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఎనిమిది పరుగుల తేడాతో గెలిచే రోజున క్లోజర్, అంటే చివరి ఇన్నింగ్ వేసే రిలీవర్ ఎవరన్నది ఎవరూ అడగరు. ఆ పరుగులు ఆగిన రోజున మాత్రం అన్నీ బయటపడ్డాయి. ఆగస్టు 15న 72 గెలుపులు, 48 ఓటములతో (72–48) ఉన్న జట్టు, సెప్టెంబరు 8 నాటికి 76–64కు వచ్చింది. అంటే 20 మ్యాచ్‌లలో 16 ఓటములు. ఆ మధ్యలోనే ఆస్ట్రోస్ రేంజర్స్ సొంతూరు ఆర్లింగ్టన్‌కు వచ్చి మూడు మ్యాచ్‌లలో కలిపి 39–10 తేడాతో చితకబాది వెళ్లారు. థర్డ్ బేస్‌మన్ జాష్ జంగ్ బొటనవేలు విరిగి బయట ఉన్నాడు, సెప్టెంబరు 6న అడోలిస్ గార్సియా మోకాలు దెబ్బతింది. పిచింగ్, బ్యాటింగ్ రెండూ ఒకేసారి కుంటుపడితే జట్టు ఎలా ఉంటుందో ఆ మూడు వారాలు చూశాం.

మధ్యలో జరిగిన కొనుగోళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆ ఏడాది ఆటగాళ్ల మార్పిడికి గడువు ఆగస్టు 1. అప్పటి జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ స్వయంగా మాజీ పిచర్. జూలై ఆఖరులో మెట్స్ నుంచి మ్యాక్స్ షెర్జర్‌ను, సెయింట్ లూయిస్ నుంచి జోర్డన్ మాంట్‌గామరీని తెచ్చాడు. అంతకు నెల ముందే కాన్సస్ సిటీ నుంచి రిలీవర్ అరోల్డిస్ చాప్‌మన్ వచ్చాడు. పతాక శీర్షికలు షెర్జర్‌వి, ఫలితం మాంట్‌గామరీది: రేంజర్స్ తరఫున 11 మ్యాచ్‌లలో 2.79 ఈఆర్‌ఏ. షెర్జర్ సెప్టెంబరు 12న టొరాంటోలో ఆరో ఇన్నింగ్‌లో దిగిపోయాడు. భుజం వెనుక కండరం దెబ్బతిన్నదని, రెగ్యులర్ సీజన్‌లో ఇక ఆడడని తేల్చారు. ఈ కొనుగోళ్లకు ఇచ్చిన ధర కూడా తక్కువేమీ కాదు. చాప్‌మన్ కోసం వదులుకున్న కోల్ రాగన్స్ మరుసటి ఏడాదికే కాన్సస్ సిటీలో ఆల్ స్టార్ స్టార్టర్ అయ్యాడు. మాంట్‌గామరీ తర్వాతి సీజన్ మొదలయ్యేసరికే అరిజోనాకు వెళ్లిపోయాడు, అక్కడ 2024లో అతని ఈఆర్‌ఏ 6 దాటింది, 2025లో అతనికీ టామీ జాన్ శస్త్రచికిత్స తప్పలేదు. ఒక నెల కోసం కొన్నారు, ఆ నెల వారికి దక్కింది. టైటిల్ వచ్చింది కాబట్టి ఎవరూ రాగన్స్ గురించి గొడవ చేయడం లేదు. రాకపోతే ఇప్పటికీ రేడియోలో అదే చర్చ నడుస్తుండేది.

ప్లేఆఫ్ తలుపు ఎంత ఇరుకో, ఎంత వెడల్పో తెలిస్తే ఆశను కొలవడం తేలిక. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు చొప్పున 12 జట్లు అర్హత పొందుతున్నాయి: ముగ్గురు డివిజన్ విజేతలు, మూడు వైల్డ్ కార్డులు (డివిజన్ గెలవకపోయినా గెలుపుల్లో ముందున్న జట్లు). డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి దశ నుంచి మినహాయింపు ఉంటుంది. మిగిలిన నాలుగు జట్లు మూడు మ్యాచ్‌ల పోరు ఆడతాయి, అవన్నీ మెరుగైన స్థానంలో ఉన్న జట్టు మైదానంలోనే జరుగుతాయి. సమాన గెలుపులు వస్తే పూర్వం అదనపు మ్యాచ్ ఉండేది, ఇప్పుడు లేదు; ముఖాముఖి ఫలితమే తేలుస్తుంది. 2023లో రేంజర్స్, ఆస్ట్రోస్ ఇద్దరూ 90–72తో ముగించారు. ఆ ఏడాది 13 ముఖాముఖి పోటీల్లో తొమ్మిది ఆస్ట్రోస్ గెలిచారు కనుక డివిజన్ వారిదైంది. సెప్టెంబరు 30న సియాటిల్‌లో గెలిచి అర్హత ఖాయం చేసుకున్న రేంజర్స్, మరునాడు అక్కడే 1–0తో ఓడి, ఇంట్లో విశ్రాంతి తీసుకోవలసింది పోయి తొలి దశ ఆడడానికి అదే రాత్రి దేశానికి అడ్డంగా టాంపాకు ప్రయాణం కట్టింది. 88 గెలుపులున్న సియాటిల్ ఇంటిదారి పట్టింది. అంటే అర్హతకూ నిరాశకూ మధ్య తేడా రెండే మ్యాచ్‌లు. షెర్జర్ గాయపడిన టొరాంటో సిరీస్‌లో రేంజర్స్ నాలుగింటికి నాలుగూ గెలవకపోతే ఈ సమాధానమే అవసరమయ్యేది కాదు.

ఇప్పుడు రెండో లెక్కకు వద్దాం. అక్టోబరు 3 నుంచి నవంబరు 1 వరకు 30 రోజుల్లో రేంజర్స్ ఆడినవి 17 మ్యాచ్‌లు. రెగ్యులర్ సీజన్‌లో అదే వ్యవధిలో 26, 27 మ్యాచ్‌లు ఉంటాయి. ప్రయాణాలకు, టీవీ షెడ్యూలుకు ఇచ్చే ఖాళీ రోజుల వల్ల అయిదుగురు స్టార్టర్ల వరుస అక్కర్లేదు. రెగ్యులర్ సీజన్‌లో 162 మ్యాచ్‌లకు ఇవాల్డీ, మాంట్‌గామరీ కలిసి రేంజర్స్ తరఫున మొదలుపెట్టినవి 36. ప్లేఆఫ్స్‌లో 17కు 11. మ్యాచ్ మొదలుపెట్టే ముందు వీరిద్దరిలో ఎవరికీ నాలుగు రోజుల విశ్రాంతి తగ్గలేదు. ఈ ఒక్క పోలికను పట్టుకుంటే, ఆ జట్టు సెప్టెంబరులో తలకిందులై అక్టోబరులో ఎలా లేచిందో సగం అర్థమైపోతుంది. సీజన్‌లో నాలుగోవంతు మ్యాచ్‌లు కూడా మొదలుపెట్టని ఇద్దరు అక్టోబరులో మూడింట రెండు వంతుల దాకా మోశారు.

బుల్‌పెన్‌లోనూ అదే జరిగింది. ఆరుగురు ఏడుగురు రిలీవర్లను తిప్పవలసిన అవసరం పోయి, బోచీ భారం ఎక్కువగా హోసే లెక్లెర్క్, చాప్‌మన్, జాష్ స్బోర్జ్‌ల మీద పెట్టాడు. రెగ్యులర్ సీజన్‌లో స్బోర్జ్ ఈఆర్‌ఏ 5.50. ప్లేఆఫ్స్‌లో 12 ఇన్నింగ్స్‌కు ఇచ్చింది ఒకే పరుగు. అతను హఠాత్తుగా గొప్ప పిచర్ అయిపోయాడని నేననను. 12 ఇన్నింగ్స్ మరీ చిన్న కొలత, అందులో ఏదైనా జరగవచ్చు. లెక్లెర్క్ సంగతే చూడండి. ఆస్ట్రోస్‌తో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ అయిదో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్‌లో హోసే ఆల్టువే అతని బంతిని మూడు పరుగుల హోమ్ రన్‌గా మలిచి, గెలిచే మ్యాచ్‌ను 5–4తో లాక్కున్నాడు. ఆర్లింగ్టన్‌లో మూడు మ్యాచ్‌లూ పోయాయి. రెండు రోజుల తర్వాత హ్యూస్టన్‌లో ఎనిమిదో ఇన్నింగ్‌లో బోచీ మళ్లీ అతనికే బంతి ఇచ్చాడు, బేస్‌లన్నీ నిండిన స్థితి నుంచి లెక్లెర్క్ పరుగు ఇవ్వకుండా బయటపడ్డాడు, తొమ్మిదో ఇన్నింగ్‌లో గార్సియా గ్రాండ్ స్లామ్‌తో (నాలుగు పరుగుల హోమ్ రన్) అది 9–2 అయింది. ఏడో మ్యాచ్‌లో మాంట్‌గామరీ రెండు రోజుల విశ్రాంతితో రిలీవర్‌గా వచ్చి రెండు ఇన్నింగ్స్ పైగా వేశాడు. మే నెలలో ఏ మేనేజరూ స్టార్టర్‌తో అలా చేయించడు.

రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో, అరిజోనాతో మూడో మ్యాచ్‌ను కాస్త దగ్గరగా చూడాలి. గాయం ముంచే రోజు, నిలబెట్టే రోజు రెండూ అందులోనే ఉన్నాయి. అక్టోబరు 30న ఫీనిక్స్‌లో షెర్జర్ రెండో ఇన్నింగ్‌లో బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా వచ్చి తగిలింది. మూడు ఇన్నింగ్స్ పూర్తి చేశాడు. నాలుగో ఇన్నింగ్‌కు ముందు వార్మప్ బంతులు విసురుతూ వీపు పట్టేయడంతో దిగిపోయాడు. సెప్టెంబరు ఆఖరులో ముంజేతి బిగువుతో కూర్చుని, తొలి రెండు దశలకు జట్టులోనే లేని జాన్ గ్రే అప్పుడు వచ్చి మూడు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా వేశాడు. స్కోరు 3–1. రెగ్యులర్ సీజన్‌లో 29 మ్యాచ్‌లు మొదలుపెట్టిన మనిషి ఆ రాత్రి రిలీవర్‌గా సిద్ధంగా ఉండడమే ఆ మ్యాచ్‌ను కాపాడింది. మరునాడు షెర్జర్, గార్సియా ఇద్దరినీ గాయాలతో జట్టు నుంచి తప్పించారు. ఆ రోజే హీనీ అయిదు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగే ఇచ్చాడు, బ్యాటర్లు మూడు ఇన్నింగ్స్‌కే పది పరుగులు చేశారు. నవంబరు 1న ఇవాల్డీ పదేపదే రన్నర్లను బేస్‌ల మీదికి ఎక్కిస్తూనే ఆరు ఇన్నింగ్స్ పరుగు లేకుండా ముగించాడు. చివరి బంతి విసిరింది స్బోర్జ్. 1961లో వాషింగ్టన్‌లో పుట్టిన ఈ ఫ్రాంచైజీకి అది తొలి టైటిల్. పరాయి మైదానాల్లో ఆడిన పదకొండు ప్లేఆఫ్ మ్యాచ్‌లూ గెలిచారు; అది వ్యూహమని ఎవరైనా వివరిస్తే నేను నమ్మను, అదృష్టం పాలు అందులో తప్పకుండా ఉంది. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో ఇవాల్డీ అయిదు పరుగులు ఇచ్చాడు, తొమ్మిదో ఇన్నింగ్‌లో సీగర్ హోమ్ రన్ లేకపోతే ఆ సిరీస్ వేరుగా మొదలయ్యేది.

ఇక మీరు అడిగిన 2025. డిగ్రామ్ ఎట్టకేలకు ఆరోగ్యంగా 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి 2.97 ఈఆర్‌ఏ సాధించాడు. ఇవాల్డీ 22 మ్యాచ్‌లలో 1.73తో ఆశ్చర్యపరిచి ఆగస్టు ఆఖరులో భుజం గాయంతో ఆగిపోయాడు. జట్టు మొత్తం ఈఆర్‌ఏ మేజర్ లీగ్‌లో అన్నిటికన్నా తక్కువ. గెలుపోటములు మాత్రం 81–81. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు, పరుగులు రాలేదు. 2023లో బ్యాటింగ్ పిచింగ్ గాయాలను కప్పిపుచ్చింది. 2025లో పిచింగ్‌కు బ్యాటింగ్ లోపాన్ని కప్పే శక్తి చాలలేదు. పైగా ఆగస్టు ఆఖరులో ముఖ్యమైన బ్యాటర్లు సీగర్, సెమియన్, కార్టర్ ముగ్గురూ బయట ఉన్నారు. పిచర్ల గాయాల జాబితా మాత్రమే చూసి ఆ ఏడాదిని అంచనా వేసి ఉంటే, జట్టు సెప్టెంబరులో దర్జాగా ప్లేఆఫ్స్‌కు వెళ్లాలి.

కాబట్టి ఈసారి గాయం వార్త వచ్చినప్పుడు మీరు ముందు క్యాలెండర్ చూడండి. ఏప్రిల్, మే నెలల్లో స్టార్టర్ పోతే వంద ఇన్నింగ్స్ పైగా వేరొకరు వేయాలి, ఆ వేరొకరు ఎవరో అప్పటికే తెలిసి ఉండాలి. జూలైలో అయితే మార్పిడి గడువు ఇంకా ఉంది, జట్టు దగ్గర ఇవ్వడానికి మంచి కుర్రాళ్లు ఉన్నారా అన్నది ప్రశ్న. ఆగస్టు 31 తర్వాత బయటి నుంచి తెచ్చినవారు ప్లేఆఫ్స్ ఆడలేరు, అప్పుడు ఇంట్లో ఉన్నవారే దిక్కు. ఆ తర్వాత పరుగుల తేడా చూడండి: చేసినవి, ఇచ్చినవి. 2023 రేంజర్స్ ఆ ఘోరమైన సెప్టెంబరు తర్వాత కూడా సీజన్‌ను 165 పరుగుల మిగులుతో ముగించింది. అంత మిగులున్న జట్టు 16 ఓటములు చూసినా దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వైల్డ్ కార్డు పోటీలో ఉన్న జట్లతో ముఖాముఖి ఎలా ఉందో కూడా అప్పుడే చూసి పెట్టుకోండి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌కు చేరిన అరిజోనా గెలిచింది 84 మ్యాచ్‌లే కనుక, తలుపు మీరనుకున్నంత ఇరుకు కాకపోవచ్చు.

కోలుకుంటున్న పిచర్ సంగతి తెలుసుకోవడానికి డాలస్‌లో మీకు ఒక సౌలభ్యం ఉంది. రేంజర్స్ డబుల్–ఎ (మైనర్ లీగ్‌లో పైనుంచి రెండో మెట్టు) జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది ఫ్రిస్కోలోనే, మనవాళ్లు వేలల్లో ఉండే ఊరు. గాయం నుంచి వచ్చే పిచర్లకు మైనర్ లీగ్‌లో గరిష్ఠంగా 30 రోజుల సన్నాహక వ్యవధి ఇస్తారు, అందులో కొన్ని మ్యాచ్‌లు ఫ్రిస్కోలో పడుతుంటాయి. గ్రాండ్ ప్రేరీలో మీరు మేజర్ లీగ్ క్రికెట్ చూసే స్టేడియం కూడా ఒకప్పటి బేస్‌బాల్ మైదానమే, 2023లో క్రికెట్‌కు మార్చారు. మన రెండు ఆటలకూ ఈ ఊళ్లో పాత పరిచయమే ఉంది. ఫ్రిస్కోలో టికెట్ చవక, కూర్చునే చోటు బంతి దగ్గర. స్కోరు పట్టించుకోకండి, ఆ స్థాయి బ్యాటర్లు మేజర్ లీగ్ పిచర్‌ను కొట్టలేకపోవడం పెద్ద విశేషం కాదు. మొదటి ఇన్నింగ్‌లో వేగం ఎంత, నాలుగో ఇన్నింగ్‌లో ఎంత అన్నది స్కోరుబోర్డు మీద చూసి రాసుకోండి. రెండింటికీ మధ్య గంటకు మూడు మైళ్లకన్నా ఎక్కువ పడిపోతే, వంపు బంతులు విసరడం తగ్గించేస్తే, ఆటకూ ఆటకూ మధ్య అయిదు రోజులకు బదులు ఏడెనిమిది రోజులు తీసుకుంటుంటే, పత్రికా ప్రకటన ఏమన్నా సరే, అతను తిరిగి వచ్చాక మొదటి నెల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.